ఎక్స్‌రే ఫిలిం మీది వెండి, వేడిని తట్టుకునే ఎంజైమ్: వరంగల్ షెడ్డులో ఒక కేసు

వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు పక్కన ఒక స్క్రాప్ షెడ్డు ఉన్నది, మొదటిసారి పోయినప్పుడు బండి ఆపకముందే వాసన తగిలింది. వెంట్రుకలు కాలిన వాసన. లోపల రేకు డ్రమ్ములో పాత ఎక్స్‌రే ఫిలింలు కట్టలు కట్టలుగా వేసి కాలబెడుతున్నరు, ఒక అక్క కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని ఇనుప కడ్డీతోటి బూడిద కెలుకుతున్నది, పొగంత ఆమె మొహం మీదికే కొడుతున్నది. ఆ బూడిదను జల్లెడ పట్టి, వెలిగారం కలిపి, మూసలో వేసి కొలిమి మీద కరిగిస్తే అడుగున వెండి గుండు మిగులుతది. పాత ఫిలింలను కిలోల లెక్కన కొనేది దీని కోసమే.

షెడ్డు ఓనర్‌ను నేను భాయ్ అనే పిలుస్త. ఆయన నాతోటి అన్నది ఇంతే: "సార్, కాలబెడితే నల్ల పొగ, తేజాబ్ (యాసిడ్) పోస్తే ఎర్ర పొగ, ఏది చేసినా పనోళ్ళు నిలుస్తలేరు. అక్కకైతే దగ్గు తగ్గుతనే లేదు. వేరే తరీఖా ఏమన్న ఉంటె చెప్పున్రి." నేను హన్మకొండలో చిన్న ల్యాబ్ నడుపుత, బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్‌లను, అంటే పదార్థాలను కోసుడు, అతికించుడు లాంటి పనులు చేసే ప్రోటీన్‌లను, పనులకు కుదిర్చి పెట్టుడు నా పని. నిజం చెప్పాలంటే ఈ కేసులో ఫీజు పెద్దగా ఏం లేదు, ఆ అక్క దగ్గుతుంటె వినలేక ఒప్పుకున్న. ఇదే పని చేసేటోళ్ళు ఎవరన్న చదివితే అక్కరకొస్తదని, ఎక్కడెక్కడ దెబ్బ తిన్నమో అవి కూడా దాచకుండ రాస్తున్న.

ముందు ఫిలిం సంగతి. ఎక్స్‌రే ఫిలిం అంటే లేత నీలం పాలియెస్టర్ షీటు, దానికి రెండు పక్కల జెలటిన్ పూత. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, తోళ్ళు ఉడకబెట్టి తీసే ప్రోటీన్, ఫోటో ఫిలింలకు మొదటినుంచి ఇదే జిగురు. ఆ జిగురులో సిల్వర్ బ్రోమైడ్ రవ్వలు కూరి ఉంటయ్. ఎక్స్‌రే తగిలిన చోట, ఫిలిం కడిగే డెవలపర్ అనే మందులో పడ్డంక అవి నల్లటి వెండి రవ్వలుగా మారుతయ్, తగలని చోట ఉన్నవి ఫిక్సర్ అనే ఇంకో మందులో కరిగి కొట్టుకపోతయ్. అందుకే ఫిలింలో ఎముక తెల్లగ కనబడే చోట వెండి దాదాపు ఉండదు, ఉన్నదంత నల్లగ ఉన్న చోటనే. వాడిన ఫిలిం బరువులో వెండి 1.5 నుంచి 2 శాతం దాకా ఉంటది. అంటే ఆ వెండిని షీటుకు అంటిపెట్టుకుని ఉన్నది ఒక్క ప్రోటీన్ పొర, షెడ్డు బయటనే తగిలిన వెంట్రుకల వాసన కూడా ఆ ప్రోటీన్ కాలుతున్న వాసననే. పొరను కరిగిస్తే చాలు, వెండిని కాలబెట్టే పని లేదు, యాసిడ్‌లో ముంచే పని లేదు, పాలియెస్టర్ షీటు కూడా ఖరాబు కాకుండ మిగులుతది.

ఉత్త వేడినీళ్ళల్ల కరగదా అని చాలామంది అడుగుతరు. తినే జెలటిన్ అయితే కరుగుతది, కానీ ఫిలిం జెలటిన్‌ను డెవలపర్ వేడికి లేచిపోకుండ తయారీలోనే గట్టిపరుస్తరు, దాని పోగుల మధ్య అడ్డంగ ముళ్ళు వేసినట్టు. వేడినీళ్ళల్ల అది ఉబ్బుతది, మెత్తబడ్తది, కానీ మొత్తం లేవదు. ఆ పోగులను ముక్కలు ముక్కలుగ కోసేటిది ఒకటి కావాలె. అదే ప్రోటియేజ్, ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్.

మామూలు ప్రోటియేజ్ కాకుండ వేడిని తట్టుకునేదే ఎందుకంటే, జెలటిన్ బాగ ఉబ్బి విప్పుకునేది 50 డిగ్రీలు దాటినంకనే, అప్పుడు పది ఇరవై నిమిషాల్ల అయ్యే పని చల్లనీళ్ళల్ల పూటంత పడ్తది. దానికన్న పెద్ద కారణం కుళ్ళు. ప్రోటీన్ ముక్కలు కలిసిన గోరువెచ్చని నీళ్ళు మన ఎండకాలంల ఒక్క రాత్రికే కుళ్ళి కంపు కొడ్తయ్, 55 పైన ఉంచితే ఆ కుళ్ళబెట్టే పురుగులల్ల చాలామట్టుకు పెరగనే పెరగవు. నేను వాడింది బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఆల్కలైన్ ప్రోటియేజ్, అంటే క్షార గుణం ఉన్న నీళ్ళల్ల మంచిగ పని చేసేది, ద్రవరూపంల దొరికేది. ఈ బ్యాక్టీరియా 50 డిగ్రీలు దాటినా పెరుగుతది, దాని ఎంజైమ్ 60 దగ్గర మస్తు జోరుగ కోస్తది. బట్టల సబ్బు పొడిల రక్తం మరక, పాల మరక పోగొట్టడానికి కలిపే ఎంజైమ్‌ల ఖాందానే ఇది. తోళ్ళ పరిశ్రమలో సోడియం సల్ఫైడ్ బదులు వెంట్రుకలు ఊడదీయడానికి కూడా ఈ రకం ఎంజైమ్‌లనే వాడుతున్నరు.

భాయ్‌కి నమ్మకం కుదరలే. "మరిగే నీళ్ళల్ల పురుగులు బతుకుతయా సార్?" అన్నడు. మణుగూరు దగ్గర పగిడేరు పేరు చెప్పిన, అక్కడ బోర్లనుంచి భూమిలోపలి వేడినీళ్ళు వాటంతటవే పైకొస్తయ్, సింగరేణి వాళ్ళు ఆ వేడితోటి కరెంటు తీసే 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు కూడా పెట్టిన్రు. అటువంటి వేడి ఊటల్ల కూడా వేడిని ఇష్టపడే సూక్ష్మజీవులు ఉంటయ్. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడి ఊటల నుంచి 1960లల్ల థామస్ బ్రాక్, ఆయన దగ్గర చదువుకునే హడ్సన్ ఫ్రీజ్ కలిసి పట్టుకున్న థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా ఎంజైమే తర్వాత పీసీఆర్ టెస్టుకు ఆధారమైంది. కరోనా టైంల మన ముక్కుల పుల్ల పెట్టి తీసుకపోయిన శాంపిల్‌ను పరీక్ష చేసిన పద్ధతి అదే అని చెప్పేసరికి భాయ్ కొంచెం ఆలోచనల పడ్డడు. అదే బ్యాక్టీరియాకు అక్వాలైసిన్ అనే ప్రోటియేజ్ కూడా ఉన్నది. ఇంకోటి థర్మోలైసిన్, దాని నడుమల ఒక జింకు అణువు కూచుని కోత కోస్తది, చుట్టూ నాలుగు కాల్షియం అణువులు దాన్ని వేడికి విప్పుకపోకుండ పట్టుకుని ఉంటయ్. తమాషా ఏందంటే దీన్ని వెనక్కి నడిపించి, అంటే కోయడానికి బదులు అతికించడానికి వాడి, అస్పర్టేమ్ అనే తీపి పదార్థం తయారు చేస్తరు. ఈ కాల్షియం మాట గుర్తుంచుకోండి, ముందర దాని పని పడ్తది.

మొదటి ట్రయల్ స్టీలు బకెట్టులో చేసినం, ఇరవై లీటర్లు. షెడ్డు బోరు నీళ్ళు, పీహెచ్ (నీళ్ళ క్షార గుణం కొలత) పెంచడానికి బట్టల సోడా, లీటరుకు 5 ఎంఎల్ ఎంజైమ్. 58 డిగ్రీల దగ్గర ఆపమని థర్మామీటర్ చేతికిచ్చి నేను ఫోన్ మాట్లాడుకుంట బయటికి పోయిన. తిరిగొచ్చేసరికి బకెట్ల నీళ్ళు మరుగుతున్నయ్. "వేడిని ఇష్టపడే బ్యాక్టీరియా అంటిరి గద సార్, ఇంక జర వేడి పెడితే జల్ది అయితదనుకున్న" అన్నడు భాయ్. ఆయన తప్పు లేదు, చెప్పే నేనే సరిగ్గ చెప్పలే. ఎంజైమ్ కూడా ప్రోటీనే, కోడిగుడ్డు తెల్లసొన లెక్కనే, దాని హద్దు దాటితే ఉడికిపోతది. ఈ ఎంజైమ్ హద్దు కోడిగుడ్డు కన్న కొంచెం పైన ఉంటది అంతే. 70 దాటినంక ఎక్కువసేపు నిలవదు. ఫిలింల మీద పూత అక్కడక్కడ బొబ్బలు లేచి ఆగిపోయింది, మిగతాది గోరుతోటి గీకినా రాలే.

రెండోసారి థర్మోస్టాట్ పెట్టిన హీటర్ కొన్నం, 58 దగ్గర ఆగింది. ఈసారి పూత లేచింది గాని సగం దూరం పోయి మందగించింది, ఇంకో డోసు ఎంజైమ్ పోస్తే మళ్ళ కొద్దిసేపు కదిలింది, మళ్ళ ఆగింది. అడుగున బురద మాత్రం మస్తు దిగింది, భాయ్ సంబురపడ్డడు. ఎండబెట్టి కాంటా మీద పెడితే లెక్కకు మించి ఉన్నది, కరిగిస్తే మాత్రం గుండు చిన్నగ వచ్చింది. బురదను వేలి మధ్య రాసి చూసిన. నల్లటి వెండి మెత్తగ కాటుక లెక్క రాసుకుంటది, ఇది గరుకుగ, బూడిద రంగుల ఉన్నది. కొంచెం నిమ్మరసం పిండిన, బుసబుస పొంగింది. సుద్ద.

మా దిక్కు బోరు నీళ్ళ సంగతి ఇంట్ల గిన్నెలు చూస్తెనే తెలుస్తది, తెల్లటి చార గట్టిగ పట్టుకుని ఉంటది. ఆ నీళ్ళల్ల ఉన్న కాల్షియం సోడాతోటి కలిసి సుద్దగ దిగిపోయింది. దానివల్ల రెండు నష్టాలు, బురద బరువు పెరిగి మనల్ని మోసం చేసింది ఒకటి, అసలు ఎంజైమ్‌కు కావలసిన కాల్షియం నీళ్ళల్ల లేకుండ పోయింది రెండోది. వేడిల ఈ ఎంజైమ్‌ను బిగించి పట్టేది ఆ కాల్షియమే, అది గుంజుకుంటే 58 దగ్గర కూడా మెల్లగ విప్పుకపోతది, విప్పుకున్న దాన్ని పక్కనున్న ఎంజైమే కోసి తింటది. అందుకే ఎంత పోసినా ఆగిపోతున్నది.

పరిష్కారం కొలిమి పక్కన డబ్బాలనే ఉన్నది. వెలిగారం. వెండి కరిగించేటప్పుడు వేసే ఆ వెలిగారమే నీళ్ళల్ల కలిపితే పీహెచ్ 9.2 దగ్గర తనంతట తనే కుదురుకుంటది, ఈ ఎంజైమ్‌కు అది మంచి పీహెచ్, సోడా లెక్క కాల్షియంను గుంజి కింద పడెయ్యదు కూడా. బోరు నీళ్ళు బంద్ చేసి ఆర్వో ప్లాంటు క్యాన్ల నీళ్ళు తెప్పించినం. లీటరుకు నాలుగు గ్రాముల వెలిగారం, పావు గ్రాము కాల్షియం క్లోరైడ్, 5 ఎంఎల్ ఎంజైమ్, 57 డిగ్రీలు. అరచేయంత ముక్కలుగ కోసిన ఫిలింలు జాలీ బుట్టలో వేసి ముంచినం. ఐదారు నిమిషాలకు ముక్క అంచు దగ్గర నల్ల పొర ముడతలు పడ్డది, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు. పది నిమిషాలకు పొగ లెక్క నీళ్ళల్లకు దిగడం మొదలైంది. ఇరవై నిమిషాలకు బుట్ట లేపితే ముక్కలన్ని తేట నీలం, అవతలి మనిషి మొహం కనబడ్తున్నది. అక్క ఒక ముక్క తీసి సూర్యునికి పట్టి చూసి, "ఇందుల బొక్కలు (ఎముకలు) యాడికి పోయినయ్ సారు" అని అడిగింది. ఆ బొమ్మంత నల్ల నీళ్ళయి డ్రమ్ముల ఉన్నదని చూపిచ్చిన.

అయితే అది మేము ఏరి తెచ్చిన పాత ఫిలింల మీద. బస్తాలనుంచి నేరుగ తీసి 5 కిలోలు వేసేసరికి సగం ముక్కలు తేటగ అయినయ్, సగం వేసినవి వేసినట్టే నల్లగ ఉన్నయ్, గంట పెట్టినా కదలలే. భాయ్ ఎంజైమ్ పాతదయిందన్నడు. ఎంజైమ్ పాతదైతే అన్ని ముక్కల మీద మందగించాలె గద, ఒకటి పూర్తిగ పోయి పక్కది అసలు కదలకపోవడం ఉండదు. ఆ కదలని ముక్కలను ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు వాటితోనే కూసున్న. నీళ్ళల్ల నానబెడితే ఉబ్బలే, జిగట రాలే. స్కానింగ్ సెంటర్‌లో పనిచేసే తమ్ముణ్ని అడిగితే ఒక్క ముక్కల తేల్చిండు: "అన్నా, ఇవి డ్రై లేజర్ ఫిలింలు, వీటికి డెవలపర్ ఉండదు, ఫిక్సర్ ఉండదు, మిషన్ల వేడితోనే బొమ్మ వస్తది." అప్పుడు అర్థమైంది. ఆ రకం ఫిలింల చాలావాటిల వెండి ఉన్నది గాని దాన్ని పట్టుకున్న జిగురు జెలటిన్ కాదు, పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్ జిగురు. ప్రోటియేజ్‌కు ప్లాస్టిక్ తినుడు చేతకాదు. ఎంత పోసినా, ఎంత వేడి పెట్టినా, ఎన్ని గంటలు ఉంచినా.

ఈ కేసు మొత్తంల నాకు అన్నిటికన్న విలువైంది ఇదే అనిపిస్తది. ఎంజైమ్ పని చేయకపోతే అందరి చేయి ముందు డోసు మీదికే పోతది, నాది కూడా పోయింది. అది తినే పదార్థం అక్కడ ఉన్నదా లేదా అనేది ముందు చూడాలె.

అప్పటినుంచి ఏరే పద్ధతి పెట్టినం, అక్కనే దాని ఇన్‌చార్జి. ఫిలిం మూల మీద నీళ్ళ చుక్క వేసి రెండు నిమిషాలు ఆగి వేలు పెడితే జెలటిన్ అయితే జిగట తగుల్తది, గోరుతోటి గీస్తే గీత పడ్తది. డ్రై ఫిలిం మీద చుక్క వేసింది వేసినట్టే ఉంటది. ఇప్పుడు ఆమె చుక్క కూడా వెయ్యదు, చేతికి తీసుకుని వంచి చూసి చెప్పేస్తది, తప్పు పోదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల పాత ప్లేట్ ఫిలింలు జెలటినే, అవి పనికొస్తయ్. ఫోటో స్టూడియోల కలర్ నెగటివ్‌లు మాత్రం కొనొద్దని భాయ్‌కి గట్టిగ చెప్పిన, వాటికి జెలటిన్ ఉంటది, ఎంజైమ్ మంచిగ కరిగిస్తది, కానీ కలర్ ప్రాసెస్‌లోనే వెండి కడిగేస్తరు కాబట్టి నీళ్ళు తప్ప ఏం రాదు.

చేతుల సంగతి నేను ముందే ఆలోచించాల్సింది. రెండో వారం అక్క "వేళ్ళు జారుతున్నయ్ సారు, రాత్రి మంట" అని చేతులు చూపింది, వేలి కొనల మీద చర్మం పలచబడి ఎర్రగ ఉన్నది. తోలు కూడా ప్రోటీనే గద. ఆ రోజే పని ఆపి మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లోవ్స్ తెప్పించినం, బుట్టను కప్పీతోటి లేపేటట్టు కట్టినం, చేయి డ్రమ్ముల పెట్టే అవసరమే లేకుండ. ఇంకో మాట, పొడి రూపంల ఉన్న ఎంజైమ్ చవుకని ఎవరన్న అంటే కొనొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పోతే ఆస్తమా వస్తది, ఇంగ్లండ్ సబ్బు పొడి ఫ్యాక్టరీలల్ల పనోళ్ళకు ఇట్లనే అయితున్నదని 1969లో బయటపడ్డది, తర్వాత దుమ్ము లేవకుండ మైనం లాంటి పూత ఉన్న గుళికలుగ చేసుడు మొదలైంది. ఒకరి దగ్గు తగ్గించడానికి పోయి ఇంకో దగ్గు తగిలియ్యొద్దు.

ఇప్పుడు వంద లీటర్ల డ్రమ్ము నడుస్తున్నది. ఒకే నీళ్ళల్ల నాలుగు విడతలు ముంచుతం, విడతకు 5 కిలోలు. ప్రతిసారి కొంచెం టైం ఎక్కువ పడ్తది, నాలుగోసారికి నలభై నిమిషాలు, ఆ తర్వాత లాభం లేదు. అప్పుడు నీళ్ళు మరగబెడ్తం, ఎంజైమ్ పని అక్కడితోటి ఖతం. వెండి దింపుడు మొదట్ల చాలా సతాయించింది. రవ్వలు ఎంత సన్నగ ఉన్నయంటే రెండు రోజులు కదపకుండ ఉంచినా నీళ్ళు నల్లగనే ఉన్నయ్, మలమల్ గుడ్డలోంచి కూడా దిగిపోయినయ్, జెలటిన్ ముక్కలు ఒక్కో రవ్వను చుట్టుకుని కింద పడకుండ పట్టుకుంటయ్. గోదావరి వరద నీళ్ళు తేట చేయడానికి మా అమ్మ పటిక తిప్పేది, కొందరైతే చిల్లగింజ అరగదీసి వేసేటోళ్ళు. అదే గుర్తొచ్చి పటిక వేసినం. తెల్లారేసరికి పైన లేత టీ రంగు నీళ్ళు, అడుగున నల్లటి మడ్డి.

మడ్డిని గుడ్డల వడగట్టి, ఎండబెట్టి, మళ్ళ వెలిగారం కలిపి మూసలో వేస్తరు. వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర, కంసాలి ఆయనకు అంకెలతోటి పని లేదు, మూసలో రంగు చూసి చెప్తడు. ఏరిన 20 కిలోల ఫిలింకు మొన్నటి లెక్కల 274 గ్రాముల గుండు వచ్చింది, అంటే నూటికి 1.4 కన్న కొంచెం తక్కువ. కాలబెట్టినప్పటి లెక్కతోటి దీన్ని పోల్చను, అప్పుడు అన్ని రకాల ఫిలింలు కలిపి వేసేటోళ్ళు. కానీ ఫిలిం షీటు అప్పుడు పొగయి పోయేది, ఇప్పుడు శుభ్రంగ మిగులుతున్నది, పెద్ద షీట్లను మగ్గం వర్క్ డిజైన్లకు, పెయింటింగ్ స్టెన్సిల్‌లకు కొంటున్నరు, ముక్కలు ప్లాస్టిక్ కింద పోతయ్. వెండిని కొనే సేటు తీగ తీసేటోళ్ళకు అమ్ముతడు. కరీంనగర్ ఫిలిగ్రీ పనికి, అంటే సన్న వెండి తీగల నగిషీకి, వెంట్రుక మందం తీగ కావాలె, దానికి మెత్తగ సాగే శుద్ధమైన వెండి కావాలె, కాబట్టి మా గుండును ఇంకోసారి శుద్ధి చేయకుండ ఆ పనికి పంపొద్దని సేటుకు చెప్పిన.

వాడిన నీళ్ళు పత్తి చేనుకు పోద్దాం, ప్రోటీన్ ఎరువే గద అన్నడు భాయ్. వద్దన్న. వెలిగారంలో బోరాన్ ఉంటది, చిటికెడు పంటకు మంచిదే, కొంచెం ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతయ్, నేలల నుంచి తొందరగ పోదు. తార్పాలిన్ పరిచిన మడిలో ఆరబెడ్తున్నం, మిగిలిన పొడిని డబ్బాల నింపి పెట్టినం. ఈ పనికి పొల్యూషన్ బోర్డు అనుమతి కోసం కాగితాలు పెట్టించిన, అది లేకుండ పెద్దగ పెంచొద్దని నా షరతు. ఇంకో షరతు, షెడ్డుకు వచ్చిన ఫిలిం మీద పేరు ఉన్న మూల ముందు కత్తిరించి వెయ్యాలె. ఎవరి గుండెనో, ఎవరి వెన్నుపూసనో అది, మన చేతికి వచ్చింది వెండి కోసం.

డ్రై లేజర్ ఫిలింలు మూడు బస్తాలు షెడ్డు మూలకు ఉన్నయ్. దవాఖానాలన్ని డిజిటల్ అయితున్నయ్ కాబట్టి ముందు ముందు వచ్చేవి ఎక్కువ అవే. ఆ జిగురు ఆల్కహాల్‌ల కరుగుతది, చిన్న సీసాల చేసి చూస్తే పొర లేచింది కూడా, కానీ ఆ షెడ్డుల, కొలిమి పక్కన, డ్రమ్ముల కొద్ది స్పిరిట్ పెట్టడానికి నేను ఒప్పుకోలే. భాయ్ వాటిని కాలబెడ్త అన్నడు, కాలబెట్టనని మాట తీసుకున్న. బస్తాల మూతులు అక్కనే కుట్టేసింది.